తూటాలోని ఉప్పు

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా ఉత్తరానికి పోతే లక్ష్మీనగరం దాటాక తెలంగాణ అయిపోతుంది. ఆ పక్కనే మరైగూడ. జిల్లా సుక్మా, రాష్ట్రం ఛత్తీస్‌గఢ్. సంతలో దోర్లా, కోయ, తెలుగు కలిసి వినిపిస్తాయి. బస్తర్ దక్షిణపు కొసన ఉన్న ఈ ప్రాంతంలో నలభై ఏళ్లకు పైగా తుపాకీ ఏదో ఒక రూపంలో కనిపిస్తూనే ఉంది. కేంద్ర రిజర్వు పోలీసు క్యాంపుల్లో ఆటోమేటిక్ రైఫిళ్లున్నాయి. పాత ఠాణాల్లో త్రీనాట్‌త్రీలు ఉండేవి. అడవి పల్లెల్లో నోటినుంచి మందు కూరే నాటు తుపాకులున్నాయి, వాటినే పత్రికలు భర్మార్ అని రాస్తాయి. ఎవరి చేతిలో ఎందుకుందన్నది వేరే పుస్తకానికి సంబంధించిన సంగతి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది ఆ గొట్టాల లోపల జరిగే ఒక రసాయన క్రియ గురించి. దాన్ని అర్థం చేసుకోవడానికి ప్రపంచానికి నూరేళ్లకు పైగా పట్టింది.

సమస్య ఇది. తుపాకీ పేల్చాక గొట్టాన్ని గుడ్డతో తుడుస్తారు, నూనె రాస్తారు. లోపల అద్దంలా మెరుస్తుంది. మర్నాడు చూస్తే ఎర్రటి పొడి. మళ్లీ తుడిచి మళ్లీ నూనె రాస్తారు. మళ్లీ తుప్పే. నాలుగు రోజులు పట్టించుకోకపోతే లోహంలో సూది గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు పడతాయి, అవి ఇక పోవు. కొన్ని తూటాలు పేల్చినప్పుడే ఇలా జరుగుతుంది, మరి కొన్నింటితో జరగదు. ఎండాకాలంలో రాని తుప్పు వానాకాలంలో వస్తుంది.

తూటా అడుగున చిన్న లోహపు టోపీ ఉంటుంది, దాన్ని ప్రైమర్ అంటారు. ట్రిగ్గర్ నొక్కితే సూది వచ్చి దాన్ని కొడుతుంది. అందులో ఉండే మందు కొన్ని పదుల మిల్లీగ్రాములు మాత్రమే. దెబ్బకు అది భగ్గుమని, తూటా లోపలి అసలు మందును అంటిస్తుంది. పాత ప్రైమర్లలో ఆ మంటకు కావలసిన ఆక్సిజన్‌ను ఇచ్చేది పొటాషియం క్లోరేటు. అగ్గిపుల్ల తలలో ఉండేదీ అదే. అది తనలోని ఆక్సిజన్ అంతా వదిలేశాక మిగిలేది పొటాషియం క్లోరైడు. లెక్క వేస్తే 100 గ్రాముల క్లోరేటు నుంచి 61 గ్రాముల క్లోరైడు వస్తుంది. మనం కూరలో వేసే సోడియం క్లోరైడుకు ఇది దగ్గరి చుట్టం. అంటే పాత రకం తూటా పేలిన ప్రతిసారీ గొట్టం గోడలకు సన్నని ఉప్పు పూత పడుతుంది. కంటికి కనబడదు, చేతికి తగలదు.

ఉప్పు పొడిగా ఉన్నంతసేపు ఇనుమును పెద్దగా ఏమీ చేయదు. అది నీరైనప్పుడే ప్రమాదం. వానలు పట్టాక వంటింటి ఉప్పు జాడీ చెమ్మగిల్లడం మనందరికీ తెలిసిందే, గొట్టంలో జరిగేదీ అదే. ప్రతి లవణానికీ ఒక హద్దు ఉంటుంది. గాలిలో తేమ ఆ హద్దు దాటితే, లవణం గాలినుంచే నీటిని లాక్కుని తానే ద్రావణమైపోతుంది. మామూలు ఉప్పుకు ఆ హద్దు 75 శాతం సాపేక్ష ఆర్ద్రత. పొటాషియం క్లోరైడుకు 25 డిగ్రీల దగ్గర సుమారు 84 శాతం.

ఇప్పుడు మరైగూడ వాతావరణం చూడండి. తూర్పున శబరి, దక్షిణాన గోదావరి, మధ్యలో దట్టమైన అడవి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తెల్లవారుజామున తేమ 85 శాతం దాటడం ఇక్కడ మామూలు సంగతి. అంటే ఆ నాలుగు నెలలూ రోజులో కొన్ని గంటలైనా గొట్టంలోని ఉప్పు తనంతట తానే ఉప్పునీరుగా మారుతుంది. రాజస్థాన్ ఎడారిలో మే నెలలో అదే తూటా పేల్చి వారం రోజులు తుడవకుండా వదిలేసినా తుపాకీ బతికిపోవచ్చు. ఇక్కడ ఆగస్టులో సాయంత్రం పేల్చి పొద్దున్న చూసుకుందామంటే ఆలస్యమైపోతుంది. తూటా నాణ్యత గురించి, ఉక్కు నాణ్యత గురించి ఎంతో మాట్లాడతారు గానీ, తుప్పు విషయంలో ఆ రెంటికన్నా గాలిలోని తేమే ఎక్కువ నిర్ణయిస్తుందని నా అభిప్రాయం.

ఉప్పునీరు ఇనుమును ఎందుకంత త్వరగా తినేస్తుంది? ఇనుము స్వభావరీత్యా ఆక్సైడుగా ఉండడానికే ఇష్టపడుతుంది. మరైగూడకు ఉత్తరాన దంతెవాడ జిల్లాలో బైలడిల్లా కొండలున్నాయి. 1968 నుంచి జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ అక్కడ తవ్వి, కిరండూల్ రైలు మార్గంలో విశాఖపట్నం రేవుకు పంపుతున్న ఎర్రటి హెమటైట్ ఆ ఆక్సైడే. కొలిమిలో బోలెడు శక్తి పోసి ఆక్సిజన్‌ను విడదీస్తే ఇనుమొచ్చింది. అవకాశం దొరికితే అది మళ్లీ ఆక్సిజన్‌తో కలిసిపోతుంది. మామూలుగా ఆ పని నిదానంగా సాగుతుంది. క్లోరైడు అయాన్లు ఉంటే వేగం పుంజుకుంటుంది. అవి లోహం మీద ఉండే పలుచటి రక్షణ పొరను అక్కడక్కడ ఛేదిస్తాయి. చిల్లు పడిన చోట ఇనుము కరిగి ఐరన్ క్లోరైడు అవుతుంది. అది నీటితో చర్య జరిపి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం మరింత ఇనుమును కరిగిస్తుంది. ఇంత జరిగినా క్లోరైడు ఖర్చయిపోదు, తిరిగి అదే గుంటలో మళ్లీ పనిలోకి దిగుతుంది. అందుకే అతికొద్ది ఉప్పు చాలు, గుంట లోతుగా దిగడానికి.

నూనె ఇక్కడ ఎందుకు ఓడిపోతుందో ఇప్పుడు తెలుస్తుంది. ఉప్పు నూనెలో కరగదు. కిరసనాయిల్లోనూ కరగదు. నూనె గుడ్డతో ఎంత తుడిచినా మసి పోతుంది, సీసం పోతుంది, గొట్టం మెరుస్తుంది, ఉప్పు మాత్రం నూనె పొర కింద అలాగే అంటిపెట్టుకుని ఉంటుంది. పలుచటి నూనె పొర తేమను పూర్తిగా ఆపలేదు. మెల్లగా లోపలికి చేరిన నీరు ఉప్పును కలుస్తుంది. నీటిలోనైతే పొటాషియం క్లోరైడు ఇట్టే కరుగుతుంది. మామూలు వేడిమి దగ్గర 100 మిల్లీలీటర్ల నీటిలో 35 గ్రాములు, మరిగే నీటిలో 56 గ్రాములు. గొట్టంలో ఉండేది మిల్లీగ్రాముల లెక్క కాబట్టి గ్లాసెడు చన్నీళ్లయినా దాన్ని కరిగించగలవు. ఇనుమును నీటినుంచి కాపాడాలని చిన్నప్పటినుంచి విన్న మనకు, ఇనుమును నీటితోనే కాపాడాలన్న మాట మింగుడుపడదు. కానీ ఇక్కడ మందు నీరే.

ఈ సంగతి మొదట్లో సైన్యాలకు తెలుసు, కారణం మాత్రం తెలియదు. ఆ కథ చెప్పుకోదగినది.

బెర్తొలే అనే ఫ్రెంచి రసాయనవేత్త 1780లలో పొటాషియం క్లోరేటును కనుక్కున్నాడు. 1800లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ హోవర్డ్ పాదరసపు ఫల్మినేటు తయారీని రాయల్ సొసైటీకి వివరించాడు. 1807లో స్కాట్లండులోని బెల్‌హెల్వీ అనే పల్లెలో చర్చి ఫాదరీగా ఉన్న అలెగ్జాండర్ ఫోర్సైత్, దెబ్బకు అంటుకునే మందుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయనకు పక్షుల వేట ఇష్టం. చెకుముకి తుపాకీ పైన మొదట మెరిసే మంటను చూసి పక్షులు ఎగిరిపోతున్నాయని ఆయన బాధ. ఆయన మందులో ముఖ్యమైనది క్లోరేటే. అలా క్లోరేటు తుపాకీలోకి వచ్చింది. నూరేళ్లకు పైగా ప్రపంచంలోని సైనిక తూటాల్లో చాలావాటిలో తిష్ఠ వేసింది.

పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా అసలు మందు నల్లమందే, అంటే సూరేకారం, గంధకం, బొగ్గు కలిసినది. అది కాలితే పుట్టేదాంట్లో సగానికి పైగా బరువు ఘనపదార్థమే. 1870లలో ఆండ్రూ నోబుల్, ఫ్రెడెరిక్ ఏబెల్ కలిసి మూసిన ఉక్కు పాత్రలో నల్లమందును కాల్చి ఈ లెక్క తేల్చారు. గొట్టంలో మందంగా మడ్డి పేరుకునేది కాబట్టి నీళ్లతో కడగక తప్పేది కాదు. కడిగినప్పుడల్లా, ఎవరికీ తెలియకుండానే, ప్రైమర్ ఉప్పు కూడా కొట్టుకుపోయేది. 1880లలో పొగలేని మందు వచ్చింది. ఫ్రాన్సు 1886లో లెబెల్ రైఫిల్ తెచ్చింది, బ్రిటన్ 1889లో కార్డైట్‌కు పేటెంటు ఇచ్చింది. గొట్టం ఇప్పుడు దాదాపు శుభ్రంగా కనిపిస్తోంది. కడగడం ఎందుకు, నూనె గుడ్డ చాలదా అనుకున్నారు. సరిగ్గా అప్పుడే కొత్త రైఫిళ్ల గొట్టాలు వింతగా తుప్పు పట్టడం మొదలైంది. మడ్డి పోయింది, దానితోపాటు కడిగే అలవాటూ పోయింది, ఉప్పు మాత్రం మిగిలింది.

నిందంతా కొత్త మందు మీద పడింది. పొగలేని మందు నైట్రిక్ ఆమ్లంతో తయారవుతుంది కాబట్టి దాని ఆవిరిలో ఆమ్లం ఉండి ఇనుమును తింటోందన్నారు. బ్రిటిష్ సైన్యపు శిక్షణ పుస్తకాలు మరో మాట చెప్పాయి. విపరీతమైన పీడనానికి వాయువులు ఉక్కు రంధ్రాల్లోకి చొరబడి, తరవాత మెల్లగా చెమటలా బయటికి వస్తాయట. మర్నాడు, ఆ మర్నాడు తుప్పు కనిపించడానికి అదే కారణమట. దీన్ని అంతర్గత మాలిన్యమన్నారు. చికిత్సగా, మరిగే నీళ్లు లీటర్లకొద్దీ గరాటుతో గొట్టంలో పోయమన్నారు. వేడికి ఉక్కు వ్యాకోచించి, రంధ్రాలు తెరుచుకుని, లోపలిది బయటపడుతుందని వివరణ. వివరణ పూర్తిగా తప్పు, చికిత్స పూర్తిగా సరైనది. పోసిన సిపాయి తుపాకీ బాగుండేది. పోయని సిపాయి తుపాకీ పాడయ్యేది. బ్రిటిష్ ఇండియాలో ఇషాపూర్ కర్మాగారం నుంచి వచ్చిన లీ ఎన్‌ఫీల్డ్ పట్టుకున్న ప్రతి సిపాయికీ ఈ పాఠం ఉండేది. తాడు చివర గుడ్డ కట్టి గొట్టంలో లాగే పుల్‌త్రూ, నాలుగంగుళాలకు రెండంగుళాల ఫ్లానెల్ ముక్క అప్పటివే. ఆ గుడ్డను మన ఎన్‌సీసీ పిల్లలు ఈనాటికీ చిందీ అంటారు.

కారణం తప్పైనా పని సరిగా జరుగుతుంటే నష్టమేమిటని అడగవచ్చు. నష్టం ఉంది. ఆమ్లమే దోషి అని నమ్మినవాళ్లు సోడా కలిపిన నూనెలు, క్షార ద్రావణాలు తయారుచేసి అమ్మారు. ఉప్పు ఆమ్లం కాదు, తటస్థ లవణం. క్షారం దాన్ని విరగ్గొట్టలేదు. ఈనాటికీ కొందరు అమ్మోనియా వాడితే ఉప్పు నిర్వీర్యమవుతుందని నమ్ముతారు. అమ్మోనియా రాగి మరకల్ని తీస్తుంది, అంతవరకే. ఆ సీసాలో పనిచేసేది అమ్మోనియాతో పాటు ఉన్న నీరు.

అసలు గుట్టు విప్పినది 1922లో. అమెరికా గనుల బ్యూరోలో విల్బర్ట్ హఫ్ అనే రసాయనవేత్త, నూనె పొరల కింద తుప్పు గురించి ఒక సాంకేతిక పత్రం వెలువరించాడు. తుప్పుకు కారణం మందు వాయువులు కావు, ప్రైమర్ క్లోరేటు నుంచి మిగిలిన క్లోరైడని, గాలి పొడిగా ఉంటే తుప్పు రాదని, నీటితో కడిగితే చాలని అందులో తేల్చాడు. ఉక్కులో రంధ్రాలూ లేవు, చెమటా లేదు. రోజుల తరబడి మెల్లగా బయటపడుతున్నది గాలిలోని తేమ ప్రభావం.

అదే 1922 ఆగస్టులో మన మన్యంలో ఏం జరిగిందో తెలుగు పాఠకులకు గుర్తు చేయనక్కర్లేదు. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసి 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు పట్టుకుపోయింది. ఆ కాలపు సర్కారు తూటాల ప్రైమర్లన్నీ క్లోరేటువే. నెల చూస్తే ఆగస్టు, చోటు చూస్తే తూర్పు కనుమల అడవి. దాగే చోట్లు గుహలు, గుడిసెలు. సర్కారు సిపాయికి బ్యారక్‌లో మరిగే నీళ్లు, గరాటు, ఆర్మరర్ ఉన్నారు. అడవిలో పొగ లేస్తే ఆచూకీ దొరికిపోతుంది. ఠాణాలోంచి తెచ్చిన తుపాకీని వానాకాలపు కొండల్లో పనికొచ్చేలా ఉంచుకోవడం, దాన్ని తేవడమంత కష్టమే. తిరుగుబాటు చరిత్రలు తుపాకుల సంఖ్యను రాస్తాయి గానీ వాటి ఆయుష్షును రాయవు. అది కూడా యుద్ధంలో భాగమేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

క్లోరేటు లేని ప్రైమర్ల కోసం జర్మన్లు అప్పటికే వెదుకుతున్నారు. 1928లో ఒక జర్మన్ కంపెనీ సీసపు స్టిఫ్నేటు, బేరియం నైట్రేటు ఆధారంగా సినాక్సిడ్ అనే ప్రైమర్ తెచ్చింది. అందులో క్లోరైడు మిగలదు. వేటగాళ్ల తూటాలు త్వరలోనే మారిపోయాయి. సైన్యాలు మాత్రం మారలేదు. ఏళ్ల తరబడి గోదాముల్లో నిలవ ఉండి, ఎండలో చలిలో ఒకేలా పేలే తూటా వాళ్లకు కావాలి. పాత క్లోరేటు ప్రైమర్ మీద ఉన్న నమ్మకం కొత్తదాని మీద కుదరలేదు. అమెరికా రెండో ప్రపంచయుద్ధమంతా పాతదే వాడింది. ఒక్క ఎం1 కార్బైన్‌కు మాత్రం మొదటినుంచీ ఉప్పులేని ప్రైమర్ ఇచ్చింది. ఎందుకంటే దాని గ్యాస్ పిస్టన్‌ను సిపాయి సులువుగా విప్పి కడగలేడు. 1950ల మొదట్లో మిగతావీ మారాయి. సోవియట్ కూటమి మరికొన్ని దశాబ్దాలు క్లోరేటుతోనే కొనసాగింది. అందుకే ఏకే తుపాకీ గొట్టం లోపల క్రోమియం పూత వేసింది, కడిగే సామగ్రిని తుపాకీ మడమలోనే పెట్టింది. క్రోమియం గొట్టాన్ని చాలావరకు కాపాడుతుంది. కానీ వాయువు వెనక్కి మళ్లే గ్యాస్ ట్యూబు, గొట్టం మూతి దగ్గరి మరలు, బోల్టు ముఖం అంతటా ఉప్పు పడుతుంది. గొట్టం తళతళలాడుతుండగా గ్యాస్ ట్యూబు లోపల ఎర్రబడిన ఏకేలు ఉంటాయి. కడగడమంటే గొట్టం ఒక్కటే కాదు, పొగ తగిలిన ప్రతి ముక్కా.

నాటు తుపాకీ సంగతి విడిగా చెప్పాలి. నల్లమందు మిగిల్చే మడ్డిలో పొటాషియం కార్బనేటు, సల్ఫేటు, సల్ఫైడు ఉంటాయి. కార్బనేటు 43 శాతం తేమ దగ్గరే నీరు లాగుతుంది, అంటే బస్తర్‌లో ఏడాదిలో చాలా రోజులు తడిగానే ఉంటుంది. నీళ్లు తగిలినప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది సల్ఫైడు వల్ల. దీన్ని కడగడానికీ నీరే. చిక్కేమిటంటే ఈ గొట్టానికి వెనక వైపు మూసి ఉంటుంది, నీళ్లు ఒక కొసన పోస్తే మరో కొసన పోవు. మడ్డి, తడి, తుప్పు అన్నీ మూసిన కొస దగ్గర చేరతాయి. పేలినప్పుడు పీడనం అత్యధికంగా ఉండేదీ అక్కడే. లోపల గుంటలు పడి పలచబడిన గొట్టం ఏదో ఒక రోజు పట్టుకున్నవాడి చేతిలో, ముఖం పక్కన పగులుతుంది. లోపలి తుప్పు బయటికి కనిపించదు. సైకిల్ షాపు పైపుతో చేసిన గొట్టమైతే మొదటినుంచే నమ్మదగినది కాదు. అలాంటిదాన్ని పేల్చకపోవడం తప్ప దానికి వేరే శుభ్రత లేదు.

ఇక పని. ముందు మ్యాగజీన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, ఛాంబర్‌లో తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. కడిగేటప్పుడు పేలిన తుపాకుల వార్తలు మనం తరచూ చదువుతూనే ఉంటాం, ఈ ఒక్క పనితో అవన్నీ ఆగేవి. తుపాకీ విప్పదీశాక, వీలైతే వెనకనుంచి, గరాటుతో గొట్టంలో నీళ్లు పోయాలి. చెక్క మడమ మీద పడకుండా చూసుకోవాలి. వేడి నీళ్లయితే మేలు. ఉప్పు కరగడానికి వేడి అవసరం లేదు, వేడెక్కిన ఇనుము తనంతట తానే ఆరుతుంది, లాభం అదే. రెండు చుక్కల సబ్బు కలిపితే జిడ్డు మడ్డి కిందికి నీరు చేరుతుంది. బోల్టు ముఖం, గ్యాస్ ట్యూబు, పిస్టన్ విడిగా కడగాలి.

ఏ నీళ్లన్నది కూడా చూడాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 250 మిల్లీగ్రాముల దాకా క్లోరైడు ఉండవచ్చు. ఉప్పగా ఉండే బోరునీళ్లలో అంతకన్నా ఎక్కువే. ఆ నీరు గొట్టంలోనే ఆరిపోతే ఉప్పును తీసి ఉప్పును పెట్టినట్టే. వానాకాలంలో చూరు కింద గిన్నె పెడితే దొరికే నీరు వీటన్నిటికన్నా మంచిది. తరవాత పొడి చిందీ తడి అంటకుండా వచ్చేదాకా లాగాలి. నూనె చివరన, అన్నీ ఆరాక. పెట్టేటప్పుడు చేతివేళ్లు ఇనుముకు తగిలితే తుడవాలి, చెమటలో ఉన్నదీ ఉప్పే. తోలు, కాన్వాసు సంచులు తేమను పట్టి ఉంచుతాయి కాబట్టి తుపాకీని వాటిలో వారాల తరబడి ఉంచకూడదు. ఉప్పు లేని ఇనుము కూడా 60 శాతం తేమ దాటితే చెప్పుకోదగ్గ వేగంతో తుప్పు పడుతుంది.

ఏ తూటాలో ఏ ప్రైమర్ ఉందో పైకి చూసి చెప్పలేం. పాత నిల్వలన్నీ క్లోరేటువే అనుకుని కడగడం మంచిది. అనవసరంగా కడిగితే పోయేది ఒక గ్లాసు నీళ్లు, పావుగంట సమయం. కొత్త ప్రైమర్లలో ఉప్పు లేకపోయినా చాలావాటిలో సీసం ఉంది. తూటా పేల్చినవాళ్లు, తుపాకీ తుడిచినవాళ్లు చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు. తుడిచిన గుడ్డలు పిల్లలకు అందకూడదు.

మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి తెల్ల చిందీ లాగి చూడాలి. బూడిద రంగు మరక మసి, దానికి భయపడనక్కర్లేదు. గోధుమ రంగు తగిలితే ఉప్పు ఇంకా లోపలే ఉందని అర్థం. అప్పుడు నూనె సీసా పక్కన పెట్టి మళ్లీ నీళ్లు కాచాలి.